బ్రేకమ్మ నొక్కని బ్రేకు

మా వదిన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఆమెకు పెట్టిన పేరు బ్రేకమ్మ. నేర్పే కార్లో పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, ఆమె కాలు ఎప్పుడూ దాని మీదే. స్టీరింగ్ పట్టుకున్నవాడు కంగారు పడేలోపే కారు ఆగిపోతుంది. ఆగాక అరవదు, తిట్టదు. "ఇప్పుడు మనం ఎవరిని చంపబోయామో చూశారా అండీ?" అని మర్యాదగా అడుగుతుంది. ఆ మర్యాద తట్టుకోలేక మధ్యలో మానేసినవాళ్ళున్నారు. అంతకంటే రెండు తిట్టినా బాగుండేదని నా దగ్గరికొచ్చి చెప్పుకుని మరీ పోయారు.

నా దగ్గరికే ఎందుకంటే, ఆ స్కూల్లో ఆఫీసు బల్ల నాది. ఫోన్లెత్తుతాను, ఎవరికి ఏ గంట ఖాళీయో చెప్తాను, మా ఓనరు లేనప్పుడు ఆయన కుర్చీలో కూర్చుంటాను. ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నా నాకు కారు నడపడం రాదు. వదిన రెండుసార్లు నేర్పబోయి, "నీకు బస్సే మంచిది తల్లీ" అని చేతులెత్తేసింది.

ఇంట్లో కింద అమ్మ, అన్నయ్య, వదిన. మేడ మీద గదిలో నేను. నాకూ ఒక పెళ్ళయింది, అది కుదరలేదు, తిరిగొచ్చేశాను. ఆ కథ ఇక్కడ అనవసరం. కావాలంటే అమ్మనడగండి, అడక్కపోయినా చెప్తుంది. మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. నాకు ఉద్యోగం వచ్చిన సంగతి నాకంటే ముందు మా వీధి చివర ఇస్త్రీ కొట్టువాడికి తెలుసు.

అన్నయ్య ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. మా ముందు గది నిండా తలుపుల్లేని ఫ్రిజ్‌లు, ఫ్రిజ్ లేని తలుపులు. మా సొంత ఫ్రిజ్ మాత్రం పనిచెయ్యదు. అడిగితే "చూస్తాలే" అంటాడు. అన్నయ్య మంచివాడు, కాకపోతే ప్రపంచాన్ని ఫ్రిజ్ వెనక నుంచి చూస్తాడు. అక్కడ దుమ్ము, బొద్దింకలు తప్ప ఏం కనిపిస్తాయి?

వదినకు బిడ్డ కావాలి. ఇందులో దాపరికం ఏమీ లేదు. పెళ్ళయిన కొత్తలోనే ఆమె ఆ మాట అందరి ముందూ చెప్పింది. కానీ ఆమెకు నెలసరి దానికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది, లేకపోతే రెండు మూడు నెలలు అజాపజా ఉండేది కాదు. గడ్డం కింద వెంట్రుకలు మొలిచేవి. అద్దం ముందు నిలబడి పీక్కుంటూ "మీ అన్నయ్యకంటే నాకే బాగా పెరుగుతోంది" అని నవ్వేది. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. పరీక్షలు చేసి డాక్టర్లు పీసీఓఎస్ అన్నారు. అమ్మకు ఆ మాట పలకడం రాక "మా కోడలికి ఆ బస్సు నంబరు జబ్బు" అని వీధిలో చెప్పుకొచ్చింది.

ఇక చుట్టాలు ఊరుకుంటారా? బరువు తగ్గమన్నవాళ్ళే అందరూ. మా పెద్దమ్మ ఒకావిడ, నాలుగు మెట్లెక్కితే కుర్చీ అడుగుతుంది, ఆవిడ కూర్చుని ఆయాసం తీర్చుకుంటూ వదినకు నడక గొప్పతనం గురించి చెప్పింది. వదిన మంచినీళ్ళు తెచ్చిచ్చి, "మీరు కుదుటపడ్డాక కలిసి నడుద్దాం పెద్దమ్మా" అంది. పెద్దమ్మ మళ్ళీ మా మెట్లెక్కలేదు.

చివరికి దొరికిన డాక్టరమ్మ పొట్టిగా ఉంటుంది, గబగబా మాట్లాడుతుంది, అబద్ధం మాత్రం చెప్పదు. "నువ్వు సన్నబడి సినిమాల్లోకి వెళ్ళక్కర్లేదు. కొంచెం దిగు చాలు, మందు నీ మాట వింటుంది" అంది. వదిన రోజూ మా స్కూలు గ్రౌండు చుట్టూ నడిచేది. కార్లు వెనక్కి తీయడం నేర్చుకునేవాళ్ళకు అద్దంలో బ్రేకమ్మ కనపడగానే కాలు దానంతటదే బ్రేకు మీదకి పోయేది. బరువు దిగింది. నెలసరి కాస్త దారికొచ్చింది. గుడ్డు పండడానికి మాత్రలిచ్చారు. కొన్ని నెలలు పండింది, కొన్ని నెలలు లేదు. పండిన నెలల్లో కూడా కడుపు రాలేదు. ప్రతిసారీ వదిన మర్నాడు డ్యూటీకొచ్చి ఇంకాస్త మర్యాదగా మాట్లాడేది. ఆ వారాల్లో నేర్చుకున్నవాళ్ళ మీద నాకు జాలేసేది.

అప్పుడు డాక్టరమ్మ, గుడ్లు బయటికి తీసి ల్యాబులో పిండాలు చేసి, ఒక్కదాన్ని మళ్ళీ లోపల పెడదాం అంది. నేనూ పక్కనే ఉన్నాను. అన్నయ్య డాక్టరమ్మ గదిలో ఉన్న చిన్న ఫ్రిజ్ చప్పుడు వింటున్నాడు.

"నీలాంటివాళ్ళకి గుడ్లు తక్కువని కాదు, మరీ ఎక్కువ" అని చెప్పింది డాక్టరమ్మ. "క్లాసు నిండా పిల్లలున్నా ఒక్కడూ చెయ్యెత్తడు. గట్టిగా గద్దిస్తే అందరూ ఒక్కసారే లేచి నిలబడతారు. అందుకని ఇంజెక్షన్లు తక్కువ మోతాదులో ఇస్తాను. అప్పటికీ మరీ ఎక్కువ లేస్తే ఒంట్లోకి నీరు దిగుతుంది, పొట్ట ఉబ్బుతుంది, ఆయాసం వస్తుంది. అలాంటప్పుడు కడుపు కూడా వస్తే ప్రాణం మీదకి వస్తుంది. కాబట్టి ఉబ్బు కనిపించిందంటే పిండాలన్నీ ఫ్రీజ్ చేసేస్తాం. ఒళ్ళు తేరుకున్నాక, ఒకటి రెండు నెలలాగి లోపల పెడతాం. నీ బోటివాళ్ళకి అదే మేలు. ఆగితే పోయేదేమీ లేదు."

వదిన బుద్ధిగా తలూపింది. ఫ్రీజ్ అన్న మాట వినగానే అన్నయ్య తల ఇటు తిరిగింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మొదలుపెట్టాడు. "నా సర్వీసులో పాడవని ఫ్రిజ్ చూళ్ళేదు. కంప్రెసర్ పోతుంది, గ్యాసు లీకవుతుంది, తలుపు రబ్బరు సాగుతుంది. కరెంటు పోతే చెప్పేదేముంది? మొన్న ఒకాయన డీప్ ఫ్రీజర్ తెరిచాం. ఆ వాసనకి ఆయనా నేనూ చెరో వైపుకి పరిగెత్తాం."

"అన్నం తింటున్నాం" అన్నాను.

"నిజం చెప్తున్నా. మన పిల్లల్ని తీసుకెళ్ళి అందులో పెడతారట."

మనసులో మాట అన్నాడంతే, పాపం. కానీ వదిన చెయ్యి కంచంలో ఆగిపోయింది. నేను చూశాను. అన్నయ్య చూడలేదు, పెరుగు వేసుకుంటున్నాడు.

ఇంజెక్షన్లు మొదలయ్యాయి. వదిన తనంతట తనే పొడుచుకునేది. మోతాదు తక్కువే, కానీ మా వదిన ఒంట్లోని క్లాసు మాత్రం ఒక్క పిలుపుకే బెంచీలెక్కింది. గుడ్లు తీసిన రోజు నర్సు బయటికొచ్చి ఇరవై ఎనిమిది అంది. ఆ నర్సు ముఖంలో సంతోషం లేదు. మా అమ్మకు ముఖాలు చదివే అలవాటు లేదు. ఆసుపత్రి మెట్ల మీద నుంచే ఫోన్లు మొదలుపెట్టింది. "ఇరవై ఎనిమిది. అవును, ఇరవై ఎనిమిదే. ఎవరికి తీస్తారమ్మా అన్ని?" ఇంటికొచ్చేసరికి ఇస్త్రీ కొట్టువాడు నాకు అభినందనలు చెప్పాడు. దేనికో తెలియకపోయినా తీసుకున్నాను.

డాక్టరమ్మ వదినకు పని చెప్పి పంపింది. రోజూ పొద్దున్నే బరువు చూసుకోవాలి, నీళ్ళు బాగా తాగాలి, బరువు పెరిగినా ఆయాసం వచ్చినా వెంటనే ఫోన్ చెయ్యాలి. అంతా బాగుంటే ఐదో రోజు పిండం లోపల పెడదాం, లేదంటే ఫ్రీజరే.

మూడో రోజుకల్లా వదిన నైటీ పొట్ట దగ్గర బిగుసుకుపోయింది. అమ్మ చూసి మురిసిపోయింది. "అప్పుడే కడుపు కనపడుతోందే."

"అమ్మా, ఇంకా లోపల పెట్టనే లేదు" అన్నాను.

"నీకు అన్నీ అనుమానాలే" అని నన్ను కసిరి పక్కింటికి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆసుపత్రి నుంచి ఫోనొస్తే వదిన "బావున్నానండీ, బరువు అలాగే ఉంది" అని చెప్పడం నేను విన్నాను. నిజంగానే అలాగే ఉందేమో అనుకున్నాను. నాలుగో రోజు ఆమె గదికి మంచినీళ్ళు తీసుకెళ్ళి, చెంబు మీద మూత మర్చిపోయి మళ్ళీ వెనక్కి వచ్చాను. వదిన చెంబెడు నీళ్ళూ కిటికీలోంచి మొక్కల్లో పోస్తోంది. రెండు అడుగులు వేసి మంచం మీద కూర్చునేసరికి రొప్పుతోంది.

"నీళ్ళు మానేశావా?"

"బరువు పెరిగితే పిండాలు ఫ్రిజ్‌లో పెడతారు" అంది. "తాగకపోతే తూకం ముల్లు ఆగుతోంది. ఒక్క రోజు ఓపిక పట్టు. లోపల పెట్టేశాక కడవెడు తాగుతా."

ఇంత తెలివి ఎలా పుట్టిందో ఆ తలకి. "అన్నయ్యతో చెప్తా" అన్నాను.

"చెప్పు. ఆయనే కదా పాడైపోతాయన్నది. నువ్వు డాక్టరమ్మ దగ్గర నోరు విప్పావంటే, జన్మలో నీతో మాట్లాడను."

ఒట్టి బెదిరింపు కాదు. వదిన అన్నదంటే చేస్తుంది. ఆ ఇంట్లో నేను మనసు విప్పి మాట్లాడేది ఆమె ఒక్కదానితోనే. పిరికిదాన్ని, నోరు మూసుకుని మేడెక్కాను.

మర్నాడు పొద్దున అన్నయ్య ఆసుపత్రి ఫైలు పట్టుకుని స్కూటర్ మీద ముందే వెళ్ళిపోయాడు. వదిన స్కూలు కారు తెప్పించుకుంది. తనే నడుపుతానంది. ఎవరు వద్దన్నా వినలేదు. "ఇంకొకళ్ళు నడుపుతుంటే నేను ఊరికే కూర్చోలేను, మీకు తెలుసుగా" అంది. అమ్మ వెనక సీట్లో సర్దుకుంది. నేను ముందు, పక్క సీట్లో. అంటే వదిన సీటులో. నా కాళ్ళ దగ్గర ఆమె బ్రేకు.

వదిన సీటు బాగా వెనక్కి జరుపుకుంది. అయినా పొట్ట స్టీరింగ్‌కి తగులుతోంది. పెదాలు ఎండి తెల్లగా పొక్కులు లేచాయి. ఊపిరి నోటితో పీలుస్తోంది. పెద్ద కూడలిలో సిగ్నల్ దగ్గర ఆగాం. అక్కడ మలుపు తిరిగితే ఆసుపత్రే. పచ్చ దీపం వెలిగింది, వదిన క్లచ్ వదిలింది. నేను రెండు కాళ్ళతో బ్రేకు తొక్కేశాను.

ఇంజను ఎగిరిపడి ఆగిపోయింది. బ్రేకమ్మ నడిపే కారు నడిరోడ్డు మీద ఆగిపోవడం అదే మొదటిసారి. పైగా కారు నెత్తిన స్కూలు బోర్డొకటి.

"కాలు తియ్యి" అంది.

"తియ్యను. డాక్టరమ్మకు అంతా చెప్తానని మాటివ్వు, తీస్తాను."

"వెనక బస్సుంది."

"ఉండనీ. దానిక్కూడా బ్రేకులుంటాయి."

వెనక నుంచి హారన్లు మోగించేస్తున్నారు. అమ్మ "ఏమైందే, ఏం చెప్పాలే?" అని రెండు సీట్ల మధ్యలోంచి తల దూర్చింది. వదిన స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తోంది. "పాడైపోతే?" అంది. చిన్నపిల్ల గొంతుతో అంది. "అన్నీ పాడైపోతే నాకింకేం మిగుల్తుంది?"

"నువ్వే పోతే వాళ్ళకెవరు మిగుల్తారు?" అన్నాను. "నాకు మేనల్లుడొద్దు, మేనకోడలొద్దు. నువ్వు కావాలి. ఆ ఇంట్లో నాకింకెవరున్నారు వదినా?"

ఆ మాటకి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. బస్సు డ్రైవరు దిగొచ్చి తిట్టడానికి అద్దంలోంచి తొంగిచూశాడు. ఒకప్పుడు మా స్కూల్లో నేర్చుకున్నవాడే. లోపల బ్రేకమ్మ ఏడుస్తుండడం చూసి హడలిపోయాడు. "మీరు మెల్లగా రండి మేడమ్, తొందరేం లేదు" అని వెనకవాళ్ళని ఆపడానికి పోయాడు.

"చెప్తాను" అంది వదిన. నేను కాళ్ళు తీశాను.

అంతా విన్నాక డాక్టరమ్మ స్కాన్ చేసి చూసింది. "పొట్టలో నీరు నాకు ఎలాగూ కనపడేది" అంది. నా గొప్పకి గాలి తీసేసినట్టయింది. "కానీ నీళ్ళు మానేసిన సంగతి ఏ స్కాన్‌లో కనపడుతుంది? రక్తం చిక్కబడిపోతోంది. ఎక్కడైనా గడ్డ కడితే ఏమయ్యేదో తెలుసా?" వదినను అప్పటికప్పుడు మంచమెక్కించి సెలైన్ పెట్టారు. పిండాలన్నీ ఫ్రీజరుకే.

అమ్మ వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయింది. చేతిలో ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. "అది చచ్చిపోయేలా ఉంటే నేను కడుపొచ్చిందని చెప్పుకొచ్చానే" అంది నాతో. నేను పక్కన కూర్చున్నాను.

అన్నయ్య సంగతి ఇంకోలా ఉంది. తన మాట వల్లే ఇదంతా జరిగిందని తెలిశాక ముఖం చెల్లక, ఆ ఫ్రిజ్ చూపిస్తే గానీ కదలనని ల్యాబు తలుపు దగ్గర భీష్మించుకున్నాడు. వాళ్ళూ విసిగిపోయి అద్దంలోంచి చూపించారు. నడుమెత్తు డబ్బా ఒకటి, పాల క్యాను వాటంగా ఉంది.

"కంప్రెసర్ ఎక్కడ?" అన్నాడు.

"లేదండీ."

"వైరు?"

"అదీ లేదండీ. లోపల నైట్రోజన్ ద్రవం పోస్తాం, దాని చల్లదనానికే ఉంటాయి. తగ్గినప్పుడల్లా మళ్ళీ పోస్తాం. కరెంటుతో పని లేదు."

అన్నయ్య చాలాసేపు ఆ డబ్బాని చూశాడు. తర్వాత వదిన మంచం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "మోటారే లేదే దానికి" అన్నాడు. "మోటారే లేకపోతే ఇంక పాడయ్యేదేముంటుంది? నేనొట్టి వెధవని. క్షమించు." వదిన సెలైన్ లేని చేత్తో అతని చెవి పట్టుకుని గట్టిగా మెలిపెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

వదిన తేరుకుని ఇంటికొచ్చాక అమ్మ ఒక నిర్ణయం ప్రకటించింది. కారు నేర్చుకుంటుందట. "రేపు దానికి ఒంట్లో బాగోకపోతే ఎవరు తీసుకెళ్తారు? వీడికి స్కూటరు, నీకు బస్సు." అరవై దాటిన మా అమ్మ, కళ్ళజోడుకి తాడు కట్టుకుని, మా స్కూల్లో చేరింది. నేర్పేది కోడలు.

ఆ పాఠాలు చూడాలి. అమ్మకు హారన్ ఒక్కటుంటే చాలు. బ్రేకు ఎందుకో ఆమెకు అర్థం కాదు. "నేను వస్తున్నానని చెప్తున్నాగా, వాళ్ళే తప్పుకోవాలి" అంటుంది. గ్రౌండులో అడ్డంగా పెట్టిన ప్లాస్టిక్ డ్రమ్ములు తప్పుకోవు కదా. ప్రతిసారీ ఆఖరి క్షణంలో వదినే తొక్కేది. "ఇప్పుడు మనం ఎవరిని చంపబోయామో చూశారా అత్తయ్యా?" అనేది. అమ్మ ఆ మర్యాదకు కూడా లొంగలేదు. నన్ను వెనక సీట్లో సాక్షిగా కూర్చోబెట్టుకునేవాళ్ళు, ఎవరు ఎవరిని ఏమన్నారో తేల్చడానికి.

ఒళ్ళు పూర్తిగా కుదుటపడ్డాక వదినకు మందులిచ్చి, గర్భసంచి సిద్ధం చేసి, ఆ డబ్బాలోంచి ఒక్క పిండాన్ని తీసి లోపల పెట్టారు. కడుపు నిలిచిందో లేదో తేల్చడానికి రక్తం పరీక్షకిచ్చి వచ్చిన రోజు ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని వదిన గ్రౌండుకి వచ్చింది. అమ్మ స్టీరింగ్ దగ్గర, వదిన పక్కన, నేను వెనక. కారు గ్రౌండు మధ్యలో ఉండగా ఫోను మోగింది.

వదిన ఎత్తింది. అవతల నర్సు ఏదో చెప్తోంది. వదిన రెండు కాళ్ళూ సీటు మీదకి ముడుచుకుంది, చేత్తో నోరు మూసుకుంది. కారు తిన్నగా మా ఓనరు స్కూటరు మీదకి పోతోంది. నేను "వదినా, బ్రేకు" అన్నాను. వదిన వినలేదు. బ్రేకమ్మకు బ్రేకు గుర్తుకురాని రోజు అదొక్కటే.

కారు ఆగింది. స్కూటరుకి జానెడు దూరంలో, కుదుపు లేకుండా ఆగింది. తొక్కింది అమ్మ. తొక్కి, గేరు తీసి, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజను ఆపి, చెప్పినవన్నీ చెప్పిన వరసలో చేసి, కోడలి వైపు తిరిగింది. వదిన కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, నవ్వుతోంది. నేను వెనక నుంచి ఇద్దరినీ కలిపి పట్టుకున్నాను. అమ్మ ఏమీ అడగలేదు. ఫోను కూడా తియ్యలేదు. కోడలి చెయ్యి మీద చెయ్యి వేసి, "నువ్వెప్పుడు చెప్పమంటే అప్పుడే చెప్తాను" అంది.

వదిన ఇంతవరకూ చెప్పమనలేదు. అమ్మ చెప్పలేదు. నెలలు గడుస్తున్నా అమ్మ దగ్గర ఏ కబురూ లేకపోయేసరికి, ఆవిడకి ఒంట్లో బాగాలేదేమోనని వీధంతా కంగారుపడింది. నిన్న పక్కింటావిడ గోడ మీదుగా వదినను ఎగాదిగా చూసి, ఆగలేక అడిగేసింది. "ఏమండీ, మీ కోడలికి పొట్ట కనపడుతోంది, ఏమైనా విశేషమా?"

అమ్మ బట్టలారేస్తూ వెనక్కి కూడా తిరగలేదు.

"ఏం లేదమ్మా" అంది. "ఈమధ్య నీళ్ళు బాగా తాగుతోంది."